పాత సందూక, పూజ పీట, కొత్త రాతబల్ల: నీటి స్టెయిన్ దేనికి, ఎలా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అత్తమ్మ వాడుకున్న చిన్న టేకు సందూక, పూజగదిలో వాడిన పీట ఇంట్లో ఉన్నాయి. వీటికి తోడు మా పాప కోసం ఈ మధ్య మామిడి చెక్కతో రాతబల్ల ఒకటి చేయించాము. దానికి ఇంకా ఏ రంగూ వేయలేదు. మామయ్యకు ఆయాసం ఉన్నందున వార్నిష్ వాసన పడదు. అందుకని నీటిలో కలిసే వుడ్ స్టెయిన్ తెచ్చి సందూక మూత మీద కొంచెం వేసి చూశాను. అది చుక్కలు చుక్కలుగా నిలిచిపోయింది, ఆరాక తడిగుడ్డతో తుడిస్తే వచ్చేసింది. మూడు వస్తువులూ ఒకే రంగులో ఉండాలని, బల్ల మీద పాప పేరు, మన ప్రాంతపు నమూనా ఏదైనా ఉండాలని నా కోరిక. ఇది ఇంట్లో చేసుకోగలిగే పనేనా?

సమాధానం: ఇంట్లో చేసుకోగలిగే పనే, అమ్మా. మీరు తెచ్చిన స్టెయిన్‌లో లోపం ఉందని అనుకోకండి. పెయింటు వస్తువు పైన పొరలా కూర్చుంటుంది కాబట్టి దాని కింద ఏమున్నా చాలావరకు కప్పేస్తుంది. స్టెయిన్ అలా కాదు. అందులోని రంగు చెక్క రంధ్రాలలోకి, నారలోకి దిగితేనే నిలుస్తుంది. సందూక మీద ఎన్నో ఏండ్ల కింద పట్టించిన పాలిష్ ఆ దారిని మూసి ఉంచింది, అందుకే రంగు లోపలికి పోలేక పైన చుక్కలుగా నిలిచి తుడిస్తే వచ్చేసింది. స్టెయిన్‌కు పూర్తిగా ఒట్టి చెక్క కావాలి. పాత పాలిష్ ఒక్క మూల మిగిలినా ఆ మూల పాలిపోయి కనిపిస్తుంది.

అయితే పని మొదలుపెట్టే ముందు మీ కోరికలో ఒక మార్పు సూచించాలని ఉంది. మూడింటినీ డబ్బాలో ఉన్న రంగుకు తీసుకురావద్దు. సందూకను దాని సొంత రంగులోనే ఉంచి, కొత్త బల్లను ఆ రంగు దగ్గరికి తీసుకురండి. స్టెయిన్ చెక్కను ముదురు చేయగలదే తప్ప లేతగా మార్చలేదు. వయసుతో పండిన టేకుకు వచ్చే ఆ తేనె గోధుమ రంగు ఏ డబ్బాలోనూ దొరకదు. దాని మీద వాల్‌నట్ అనో రోజ్‌వుడ్ అనో రంగు పూస్తే మంచి చెక్క అందాన్ని మనమే చేజేతులా కప్పినట్టు అవుతుంది. టేకు, జిట్రేగి, ఏగిస వంటి చెక్కలకు నేను స్టెయిన్ సలహా ఇవ్వను. మామిడి, రబ్బరు చెక్క, ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క, ప్లైవుడ్, ఇలా రంగు తక్కువగా ఉండే వాటికే స్టెయిన్ నిజంగా పనికొస్తుంది.

ముందు సందూక సంగతి చూద్దాం. దాని మీద ఏ పాలిష్ ఉందో తెలుసుకోవడానికి మూత వెనుక వైపు, కనిపించని చోట, స్పిరిట్‌లో ముంచిన దూదిని అరనిమిషం ఆనించి ఉంచండి. అక్కడ జిగటగా మారితే అది లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్. మన పాత ఇండ్లలోని సామానుకు ఎక్కువగా ఉండేది ఇదే. స్పిరిట్‌కు చలించక థిన్నర్‌కు మెత్తబడితే లాకర్ అనే త్వరగా ఆరే మెరుపు పూత, రెండింటికీ లొంగకపోతే వార్నిషో పీయూనో (పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటి పూత) అయి ఉంటుంది. లక్క పాలిష్ అయితే మీ పని తేలిక. ఆరుబయట, పొయ్యికీ దీపానికీ దూరంగా, మామయ్య దరిదాపులలో లేనప్పుడు, చేతులకు తొడుగులు వేసుకొని, స్పిరిట్‌లో తడిపిన ప్లాస్టిక్ పీచుతో రుద్ది, కరిగిన లక్కను అది ఆరిపోకముందే పాత గుడ్డతో ఎత్తివేస్తూ పోవాలి. గిన్నెలు తోమే ఇనుప పీచును మాత్రం వాడవద్దు. అందులోంచి రాలే సన్నటి ఇనుప ముక్కలు చెక్కలో ఇరుక్కుంటాయి, తరువాత నీటితో చేసిన ఏ పూత పడినా తుప్పు పట్టి నల్లటి మచ్చలుగా బయటపడతాయి. సందూక మేకుల చుట్టూ, గొళ్లెం కింద ఇప్పటికే నల్లటి వలయాలు ఉంటే వాటికీ కారణం ఇదే: చెక్కలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నల్లబడడం. ఆగ్జాలిక్ ఆమ్లపు ద్రావణం ఆ నలుపును తీస్తుంది. కానీ అది విషం, దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పసిపిల్ల, ఆయాసం ఉన్న పెద్దమనిషి తిరిగే ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దంటాను. మేకుల చుట్టూ నలుపు పాత సందూకకు ఎబ్బెట్టుగా ఏమీ ఉండదు.

పాలిష్ పోయాక 150 నంబరు, తరువాత 220 నంబరు ఉప్పు కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, నార వెంబడి మాత్రమే రుద్దండి. నారకు అడ్డంగా రుద్దిన గీత అప్పటికి కనిపించకపోయినా పైపూత పడగానే తెల్లగా తేలుతుంది. మూత అంచులు అత్తమ్మ చేతులు ఆని నునుపెక్కి ఉంటాయి. అక్కడ కాగితం ఒత్తి పట్టకుండా తేలికగా ఒకసారి ఆడిస్తే చాలు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అది నీటితో చేసిన పూతను సరిగా అంటనివ్వదు. కాబట్టి పైపూత వేయబోయే ముందు తెల్లగుడ్డను థిన్నర్‌లో తడిపి మొత్తం తుడవండి. గుడ్డ పసుపుపచ్చగా మారుతుంది, అది చెక్కలోని నూనె. థిన్నర్ ఆరిన గంటలోపే పూత వేయాలి, ఆలస్యమైతే లోపలి నూనె మళ్లీ పైకి చేరుతుంది. థిన్నర్ వాసన ఘాటైనదే, కాబట్టి ఆ ఒక్క పని వాకిట్లోనో డాబా మీదనో చేయండి.

సందూక అడుగున, మూలలలో సన్నటి పిండి రాలుతున్నదేమో కూడా గమనించండి. రాలుతుంటే పురుగు ఇంకా బతికే ఉన్నట్టు. పాలిష్ తీసిన చెక్కకు పురుగుమందు పట్టించడానికి అదే సరైన సమయం. అయితే నూనెలో కలిపిన మందు ఎంచుకుంటే దాని మీద నీటి పూతలు నిలవవు, నీటిలో కరిగే బోరాన్ రకం మందు అడిగి తీసుకోండి. పట్టించాక చెక్క పూర్తిగా ఆరేదాకా మిగతా పనులు ఆపాలి.

పీట విషయం వేరు. పూజగదిలో వాడిన పీట ఏండ్ల తరబడి దీపపు నూనె తాగి ఉంటుంది, అంత లోతుగా ఇంకిన నూనెను పూర్తిగా తీయడం సాధ్యం కాదు. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, నూనె మరకల మీద సుద్దపొడి దట్టంగా చల్లి ఒక రాత్రి ఉంచి దులిపితే పైపై నూనె పోతుంది. పసుపు మరకలకు ఏ మందూ అక్కరలేదు. పసుపు రంగు ఎండకు నిలవదు కనుక తడిపిన పీటను కొన్ని రోజులు పొద్దుటి ఎండలో పెడితే మరకలు వాటంతట అవే వెలిసిపోతాయి. ఇక కుంకుమ మరకలు కొంత మిగులుతాయి. పీటకు స్టెయిన్ వద్దు, పీయూ కూడా వద్దు, నూనె పట్టిన చెక్క మీద అది పొరలు పొరలుగా లేస్తుంది. శుభ్రం చేసి, ఆరాక తేనెమైనం కలిసిన పాలిష్ పలుచగా రుద్ది వదిలేయండి. పీట మీద ఎప్పుడైనా ఎనామిల్ పెయింటు వేసి ఉంటే మాత్రం జాగ్రత్త అవసరం. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసాన్ని పది లక్షలలో 90 వంతులకు పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులో అమలులోకి వచ్చింది. అంతకు ముందటి పెయింటును పొడిగా రుద్దితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు, అది పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అటువంటి పెయింటు కనిపిస్తే రుద్దకుండా అలాగే ఉంచడం మేలు.

ఇక రాతబల్ల. మీ స్టెయిన్‌కు అసలు పని ఇక్కడే ఉంది, ఓపిక కూడా ఇక్కడే కావాలి. మామిడి చెక్క అన్ని చోట్లా ఒకే తీరుగా రంగు తాగదు. ఒక పలకలోనే ఒకచోట లేతగా, మరొకచోట నల్లటి చారలతో ఉంటుంది. స్టెయిన్ ఆ తేడాను దాచకపోగా ఎత్తి చూపుతుంది. మన ప్రాంతపు నిర్మల్ బొమ్మను గుర్తు తెచ్చుకుంటే ఈ సంగతి బాగా అర్థమవుతుంది. అక్కడ పొనికి చెక్కను చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతికి, పైపూతతో నునుపు చేసి, ఆ తరువాత రంగులు వేస్తారు. చూసేవారికి కనిపించేది పైన వేసిన రంగే, కింది చెక్క కాదు. స్టెయిన్ వేసిన బల్లలో మాత్రం రంగులోంచి చెక్కే కనిపించాలి. అందుకే లప్పంతో సందులు పూడ్చి పైన స్టెయిన్ వేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్పినా వినకండి. లప్పం స్టెయిన్‌ను చెక్క తాగినట్టు తాగదు, ఎక్కడ పూడ్చారో అక్కడ మచ్చగా మిగులుతుంది. తప్పనిసరిగా పూడ్చవలసిన సందు ఉంటే స్టెయిన్ అంతా పూర్తయి, మొదటి పైపూత పడ్డాక, ఆ రంగుకు సరిపోయే లప్పంతో పూడ్చండి.

ఫెవికాల్ విషయం కూడా ఇటువంటిదే. వడ్లాయన కాళ్లు అతికినప్పుడు బయటికి ఉబికిన జిగురును తడిగుడ్డతో తుడిచి ఉంటారు. కంటికి అది కనిపించదు గానీ ఆ పలుచటి పొర చెక్క రంధ్రాలను మూసేస్తుంది, స్టెయిన్ వేశాక అతుకుల చుట్టూ తెల్లటి మరకలు తేలుతాయి. ముందుగా కనిపెట్టడానికి బల్లంతా తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడండి. జిగురు ఉన్నచోట చెక్క తడికి నల్లబడకుండా లేతగానే ఉంటుంది. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టుకొని, ఆరాక ఉలి అంచుతో మెల్లగా గీరి, ఉప్పు కాగితంతో సరిచేయండి.

బల్లకు 120, 150, 180, 220 నంబర్ల వరుసలో కాగితాలు వాడాలి, మధ్యలో ఒకటి ఎగరగొట్టవద్దు. 120 వేసిన గీతలను 220 తీయలేదు, వాటిలో రంగు ఎక్కువగా చేరి ముదురు చారలు పడతాయి. రుద్దేటప్పుడు ముక్కుకు, నోటికి మంచి మాస్కు పెట్టుకోండి. తరువాత చేయవలసిన పని చాలామంది వదిలేస్తారు, నీటి స్టెయిన్‌లో సగం ఫిర్యాదులు అందువల్లే వస్తాయి. నీరు తగిలితే చెక్క నార ఉబ్బి సన్నటి నూగు లేస్తుంది. స్టెయిన్‌లో ఉన్నదీ నీరే కాబట్టి, దానితో లేచిన నూగును రుద్దబోతే రంగు కూడా పోతుంది. అందుకే ఆ నూగును ముందే లేపి తీసేయాలి. పిండిన తడిగుడ్డతో బల్లంతా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, వాడి కొంత అరిగిన 220 కాగితంతో ఒత్తిడి లేకుండా నూగును మాత్రమే కోసివేయాలి. చేయి ఆడిస్తే గరుకు తెలియని దాకా మరొకసారి ఇలాగే చేయండి. తరువాత దుమ్మును మెత్తటి బ్రష్షుతో, కాస్త చెమ్మ గుడ్డతో తీసేయాలి.

రంగు ఎలా వస్తుందో డబ్బా మీది చిత్రం చూసి అంచనా వేయకండి. వడ్లాయన దగ్గర అదే మామిడి చెక్క తునకలు రెండు మూడు అడిగి తెచ్చుకోండి, వాటినీ బల్లలాగే రుద్ది, తడిపి, సిద్ధం చేసి, వాటి మీద స్టెయిన్‌ను వేరువేరు పాళ్లలో నీరు కలిపి వేసి, పైపూత కూడా వేసి, సందూక పక్కన పెట్టి పగటి వెలుగులో చూడండి. స్టెయిన్ ఆరగానే పాలిపోయి కనిపిస్తుంది, పైపూత పడితేనే అసలు రంగు తెలుస్తుంది. టేకు దగ్గరికి రావాలంటే చాలాసార్లు లేత టేకు రంగులో కొంచెం వాల్‌నట్ కలపవలసి వస్తుంది. ఒకే కంపెనీ, ఒకే రకం స్టెయిన్లు ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి. మచ్చలు మచ్చలుగా తాగుతున్నట్టు తునక మీదే కనిపిస్తే, మీరు పైపూతగా వాడబోయే నీటి పీయూను, అంటే నీటిలో కలిసే పీయూను, సగానికి సగం నీటితో పలుచన చేసి ఒక పూత ఇచ్చి, ఆరాక తేలికగా రుద్ది అప్పుడు స్టెయిన్ వేయండి. రంగు కొంత లేతగా వస్తుంది గానీ సమానంగా పడుతుంది. పలక కోసిన కొసలు మాత్రం రంగును విపరీతంగా తాగి నల్లబడతాయి, వాటిని 320 నంబరు కాగితంతో మరింత నునుపు చేసి పెట్టుకోండి.

నీటి స్టెయిన్‌కు ఉన్న పెద్ద చిక్కు అది చాలా త్వరగా ఆరిపోవడం. ఓరుగల్లు ఎండకాలంలో, 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం డాబా మీద ఈ పని పెట్టుకుంటే బ్రష్షు రెండో గీత గీసేలోపే మొదటిది ఆరి, రెండూ కలిసిన చోట ముదురు చార పడుతుంది. ముసురు పట్టిన శ్రావణంలో దీనికి విరుద్ధమైన బాధ, ఏ పూతా ఆరదు, పైపూత మసకబారుతుంది. దీపావళి దాటాక శివరాత్రి దాకా మనకు మంచి అదను. తప్పక ఎండకాలంలోనే చేయాలనుకుంటే తెల్లవారుజామున, నీడలో, ఫ్యాను ఆపి చేయండి. బల్లను భాగాలుగా తీసుకోవాలి: ముందు అడుగు వైపు, తరువాత కాళ్లు ఒక్కొక్కటి, చివరికి పైపలక. పైపలక ఒక అంచు నుంచి మరో అంచు దాకా మధ్యలో ఆగకుండా సాగాలి. స్పాంజి బ్రష్షుతోనో మెత్తటి నూలు గుడ్డతోనో ధారాళంగా పూసి, ఒకటి రెండు నిమిషాలలో పొడి గుడ్డతో నార వెంబడి అదనపు రంగును తుడిచివేయాలి. చెక్క తాగకుండా పైన మిగిలిన రంగు ఆరితే అతుక్కున్నట్టు కనిపించినా తరువాత పొడిగా రాలుతుంది. ముదురు కావాలనుకుంటే డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి రెండో పూత వేయండి, మొదటి పూతనే దట్టంగా ఉంచవద్దు. వేసే ముందు, మధ్య మధ్యలోనూ డబ్బాను కుదపకుండా కర్రతో అడుగుదాకా కలపాలి, ఎందుకంటే రంగు పొడి కిందికి దిగుతుంది.

నమూనా కావాలన్నారు. హంస, కాకతీయ తోరణం, బతుకమ్మ పూలు అని ఎన్నో మనసులో మెదులుతాయి గానీ, మొదటిసారి చేసేవారికి నేను కొత్తవాడ జంపఖానాల నమూనాలను సూచిస్తాను. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్ జంపఖానాలలో మెట్లు మెట్లుగా పేరిన త్రికోణాలు, వజ్రాల ఆకారాలు, అంచున పట్టీలు ఉంటాయి. నేతలో పుట్టిన ఆకారాలు కనుక అన్నీ సరళరేఖలే. మాస్కింగ్ టేపు, స్కేలు, పదునైన బ్లేడు ఉంటే చెక్క మీదికి దించవచ్చు. తోరణంలోని చెక్కడపు వంపులను స్టెయిన్‌తో గీయడం అనుభవం ఉన్న చేతికి కూడా కష్టమే. బల్ల అంతా కాకుండా పైపలక రెండు కొసలలో నాలుగు వేళ్ల వెడల్పు పట్టీగా వేస్తే పిల్ల రాసుకునే చోటు నిరాడంబరంగా ఉంటుంది, కంటికి ఇబ్బంది ఉండదు.

ఇక్కడ ఎదురయ్యే సమస్య రంగు పాకడం. స్టెయిన్ పలుచటి నీరు కనుక టేపు కిందికి, ముఖ్యంగా నార వెంబడి, దూరిపోతుంది. దీనిని ఆపడానికి నమూనా గీతలన్నిటినీ ముందే స్కేలు ఆనించి బ్లేడుతో అర మిల్లీమీటరు లోతున కోయండి. నార తెగిన చోట రంగు ఆగిపోతుంది. అప్పుడు టేపు అంచును ఆ కోత మీదికి తెచ్చి గోరుతో గట్టిగా ఒత్తి, దాదాపు పొడిగా ఉన్న గుడ్డతో ముదురు స్టెయిన్‌ను కొద్దికొద్దిగా అద్దాలి. లేత రంగు బల్లంతా వేసి, అది ఒక రోజు ఆరాకే ఈ ముదురు నమూనా వేయాలి.

పాప పేరుకు మాత్రం వేరే పద్ధతి మంచిది. మన అక్షరాలన్నీ గుండ్రనివి, సున్నలు, తలకట్లు, చుట్టలు ఎక్కువ. వాటిని కాగితంలో కత్తిరిస్తే నడిమి ముక్కలు ఊడిపోతాయి, బ్లేడుతో చెక్క మీద ఆ వంపులు కోస్తే చేయి జారుతుంది. స్టిక్కర్లు కోసే దుకాణంలో పేరును వినైల్ షీటు మీద కోయించుకుంటే నడిమి ముక్కలు కూడా వాటి స్థానంలోనే అంటుకుంటాయి. బల్లకు స్టెయిన్ పూర్తయి, ఒక పైపూత కూడా పడ్డాక ఆ స్టిక్కరును అచ్చుగా పెట్టి, అక్షరాల ఖాళీలో నీటి యాక్రిలిక్ రంగును స్పాంజితో పొడిపొడిగా అద్దండి. చెక్క రంధ్రాలు అప్పటికే మూసుకొని ఉంటాయి కాబట్టి రంగు పాకదు. రంగు పూర్తిగా ఆరకముందే స్టిక్కరును మెల్లగా లేపాలి. పేరును పైపలక మీద కాకుండా ముందు పట్టీ మీద వేస్తే రాసేటప్పుడు చేతి రాపిడి తగలదు.

పైపూతగా నీటి పీయూ వాడండి. దీనికి వాసన తక్కువ, కానీ బొత్తిగా ఉండదని కాదు. కిటికీలు తీసి ఉంచి, ఆ రోజు మామయ్యను మరో గదిలో ఉండమనండి. నీటి స్టెయిన్ మీద నీటి పూత పడినప్పుడు కింది రంగు కదిలే ప్రమాదం ఉంది, కాబట్టి స్టెయిన్ వేశాక కనీసం ఒక రాత్రి ఆగాలి. మొదటి పూతను పలుచగా, ఒకే దిక్కుగా, బ్రష్షును వెనక్కి తిప్పి రుద్దకుండా వేయాలి. స్టెయిన్ మీద నేరుగా ఉప్పు కాగితం ఎప్పుడూ పెట్టకండి. మొదటి పూత ఆరాక 320 కాగితంతో తేలికగా నునుపు చేసి, దుమ్ము తుడిచి, మరో రెండు పూతలు వేయండి. సందూకకు కూడా ఇదే పీయూ సరిపోతుంది, లోపలి భాగాన్ని మాత్రం పూత లేకుండా వదిలితే బట్టలకు వాసన పట్టదు. పాత లక్క పాలిష్ ఎక్కడా మిగలలేదని స్పిరిట్ దూదితో మళ్లీ ఒకసారి పరీక్షించుకున్నాకే పీయూ వేయాలి. మామూలు లక్కలో మైనం ఉంటుంది, దాని మీద పీయూ నిలవదు.

పూత రెండు మూడు గంటలలో చేతికి అంటకుండా ఆరుతుంది గానీ లోపల గట్టిపడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు బల్ల మీద వేడి గిన్నె, తడి గ్లాసు పెట్టవద్దు, పుస్తకాల దొంతర ఉంచితే అట్టలు అతుక్కుంటాయి. ఆ తరువాత శుభ్రం చేయడానికి పిండిన తడిగుడ్డ చాలు. మిగిలిన స్టెయిన్‌ను మూత గట్టిగా బిగించిన చిన్న గాజు సీసాలో పోసి, ఏ పాళ్లలో ఏది కలిపారో చీటీ అంటించి పెట్టుకోండి. పాప చేతిలో స్కేలో కంపాసో జారి గీత పడిన నాడు అదే రంగు మళ్లీ కావలసి వస్తుంది.